పైకప్పు తట్టి చూసే మనిషి

మొన్న మా కొత్త ఇంట్లో టైల్స్ వేసిన మేస్త్రీ, పని అయిపోయాక సుత్తి పిడితో ఒక్కో పలకనూ తట్టుకుంటూ పోయాడు. కింద సిమెంటు నిండిన పలక గట్టిగా పలికింది. డొల్లగా ఉన్న పలక 'డబ్' మంది. మూలన ఒక పలక దగ్గర ఆగి, మళ్ళీ తట్టి, తల పక్కకు వంచాడు. ఆ తల వంపు చూడగానే చేతిలో పని వదిలేసి అతన్నే చూస్తుండిపోయాను.

"ఏంది సార్, గట్ల జూస్తున్నరు? ఒక్కటే గదా, తీసి మళ్ళ ఏస్త" అన్నాడు మేస్త్రీ.

నాకు ఆ పలక సంగతి పట్టలేదు. అదే వంపుతో తల వంచి, చెవి పైకి పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడే ఒక మనిషి నాకు తెలుసు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆ తల వంపు మీద మా క్వార్టర్ల లైనులో ఎంతమంది పిల్లలు ఏ కాలేజీలో చేరాలో తేలిపోయేది.

మాది కొత్తగూడెం. నాన్న బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో ఫిట్టరు. మా లైను చివరి ఇంట్లో ఉండేవాడు ఆయన. ఉద్యోగం మైనింగ్ సర్దారు. అంటే బొగ్గు బాయిలో కూలీల కంటే ముందు దిగి, కట్టెతో పైకప్పు తట్టి, చప్పుడు విని, "పాండ్రి" అనో "ఆగుండ్రి" అనో చెప్పేవాడు. ఆయన పాండ్రి అంటేనే మనుషులు ముందుకు పోయేది. రిటైరయ్యాక కూడా అందరికీ సర్దారే. నాకు, చెల్లెలు శ్రావ్యకు సర్దారు పెదనాన్న.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివాను. దేన్నయినా ముందు వరుసలో పెట్టుకుంటే గానీ నాకు అర్థం కాదు. ఆయన్ని వరుసలో పెట్టబోతే ఇవి వస్తాయి. ఏ ఇంటికి వెళ్ళినా గడప మీద ఆగి పైకి చూసేవాడు. ఫ్యాను కింద కూర్చునేవాడు కాదు. గోడకు వీపు ఆనించి, అందరి ముఖాలూ కనబడే చోటు చూసుకుని కూర్చునేవాడు. వెనక నుంచి పలకరిస్తే పలికేవాడు కాదు. "ముందటికొచ్చి మాట్లాడు. ఎనకాల మాట్లాడేటోనితోని నాకు పనిలేదు" అనేవాడు తర్వాత. టీవీలో క్రికెట్టు చూసేటప్పుడు చప్పుడు పూర్తిగా తీసేయించేవాడు. ఎందుకు పెదనాన్నా అంటే, "మాటలు ఆటను ఖరాబ్ జేస్తయ్" అని జవాబు. ఆయన మాట్లాడితే మాత్రం రెండు లైన్ల అవతలకు వినబడేది. ఇవన్నీ పెద్దరికం అనుకున్నాం. సర్దారు అంటే అలాగే ఉంటాడు కాబోలు అనుకున్నాం.

ఆయన చేతిలో కట్టె ఒకటి ఎప్పుడూ ఉండేది. ఛాతీ ఎత్తు, కొనకు ఇత్తడి తొడుగు. దాన్ని ఊతానికి వాడగా నేను చూడలేదు.

కాలేజీల సంగతి ఎలా మొదలైందంటే, ఒకసారి ఆయన మనవడు చదివే జూనియర్ కాలేజీలో తల్లిదండ్రుల మీటింగుకు వెళ్ళాడు. క్లాసు రూములో అందరూ మార్కుల గురించి మాట్లాడుతుంటే ఈయన లేచి, బల్ల ఎక్కి, కట్టెతో పైకప్పు తట్టాడట. తల వంచి విన్నాడట. దిగి వచ్చి ప్రిన్సిపాల్‌తో, "ఈ రూంల పిల్లల్ని కూసోబెట్టకుండ్రి" అన్నాడట. ప్రిన్సిపాల్ నవ్వాడు. ఆ వానాకాలం, సెలవు రోజున, ఆ కప్పు నుంచి పెచ్చులు ఊడి బెంచీల మీద పడ్డాయి. ఎవరికీ ఏం కాలేదు. కానీ మా లైనులో అది చిన్న విషయంగా మిగల్లేదు. ఆ తర్వాత నుంచి ఏ ఇంట్లో పిల్లకో పిల్లగాడికో సీటు వచ్చినా, చేర్చే ముందు సర్దారును తీసుకెళ్ళి చూపించడం ఆనవాయితీ అయింది. ప్లేస్‌మెంట్లు ఎట్లున్నయ్, ల్యాబులు ఎట్లున్నయ్ అని అందరూ అడిగేవారు. చివర్న, "సర్దారు జూసిండా?" అని అడిగేవారు. జూసిండు అంటే మాట అక్కడ ఆగిపోయేది.

వేసవిలో కాలేజీల ఏజెంట్లు రంగుల పుస్తకాలు పట్టుకుని క్వార్టర్లలో తిరిగేవారు. ఒకాయన సర్దారు ముందు పుస్తకం తెరిచి, "చూడు పెద్దాయనా, మా కాలేజీకి ఏ ప్లస్ ప్లస్ గ్రేడు ఇచ్చిన్రు" అన్నాడు.

"ఎవలిచ్చిన్రు?"

"ఢిల్లీ నుంచి కమిటీ వచ్చింది."

"కమిటీల ఎవలన్న పైకప్పు తట్టిన్రా?"

"పైకప్పు ఎందుకు తడ్తరు పెద్దాయనా!"

"మరి పిల్లలు దేని కింద కూసుంటరు?"

లైను లైనంతా నవ్వింది. ఏజెంటు టీ కూడా తాగకుండా పోయాడు.

కాలేజీలో మాత్రం ఆయన నవ్వించేవాడు కాదు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకునేవాడు. కట్టె ఎత్తి మూడు చోట్ల తట్టేవాడు. తల వంచేవాడు. కళ్ళు మాత్రం మూసుకునేవాడు కాదు, మన వైపే ఉండేవి. ఆ కాసేపట్లో పిల్లల గుండె కొట్టుకోవడం పిల్లలకే వినబడేది. బాగుంటే "బాగున్నది" అనేవాడు. బాగా లేకపోతే ఏమీ అనేవాడు కాదు. తలగుడ్డ చుట్టుకుని వెళ్ళి బండిలో కూర్చునేవాడు. ఆ మౌనానికి ఎదురు చెప్పి పిల్లను చేర్చిన ఇల్లు మా లైనులో లేదు.

నా వంతులో రెండు కాలేజీలు చూశాడు. మొదటి దానికి మౌనం. రెండో దానికి, "నీకిది సరిపోతది పిలగా" అన్నాడు. నిజంగానే సరిపోయింది. అందుకే కాలేజీలను పోల్చి నేను వేసే పట్టికల కంటే ఆయన కట్టె మీదే మా నాన్నకు గురి.

శ్రావ్యకు మంచి ర్యాంకు వచ్చిన ఏడు పట్టిక నేనే వేశాను. చివరికి రెండు కాలేజీలు మిగిలాయి. ఒకటి హైదరాబాద్‌లో పాత సర్కారు కాలేజీ. పేరు పెద్దది, హాస్టలు పాతది, మనిషిని ఎవరూ పట్టించుకోరు. రెండోది మా వైపే, సత్తుపల్లి దారిలో అడవి అంచున కట్టిన రెసిడెన్షియల్ క్యాంపస్. ఈమధ్య నాలుగైదు జిల్లాల వాళ్ళు ఎగబడుతున్నది దానికే. ప్లేస్‌మెంట్లు, ఫలితాలు, ల్యాబులు, దూరం, భద్రత అన్నిట్లో దానికే ఎక్కువ మార్కులు పడ్డాయి. ఎత్తయిన ప్రహరీ గోడను నేను భద్రత కింద లెక్కేశాను.

శ్రావ్య ఆ పట్టిక చూసి, "అన్నా, ఇండ్ల నేనేడున్న?" అంది.

"నీ కోసమే గదా ఇదంతా."

"నా కోసం సరే. నేనేడున్న?"

నాన్న కల్పించుకున్నాడు. "మన లైనుల రేణుక ఆడనే సదువుతున్నది గద బిడ్డా. పోయినేడు సర్దారన్ననే జూసిండు. బాగున్నదన్నడు. ఆదివారం ఫోన్ జేస్తె ఆ పిల్ల గూడ బాగున్నదనే అంటది."

రేణుక మూడిళ్ళ అవతలి పిల్ల. శ్రావ్య కంటే ఒక ఏడు పెద్ద.

అసలు చిక్కు ఏమిటంటే, ఆ కాలేజీలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఇచ్చెయ్యాలి. పదో తరగతి మెమో నుంచి టీసీ దాకా. ఇచ్చాక ఇంకో కాలేజీలో చేరడానికి చేతిలో ఏమీ ఉండదు. హైదరాబాద్ సీటుకు గడువు కూడా దగ్గర పడింది. ఒకచోట ఫైలు ఇస్తే రెండోది పోయినట్టే.

కిరాయి కారులో నలుగురం వెళ్ళాం. నాన్న, నేను, శ్రావ్య, ముందు సీట్లో సర్దారు. ఊళ్ళు తగ్గి టేకు చెట్లు మొదలయ్యాక ఫోన్లలో సిగ్నల్ పోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆ ఫోన్లు కూడా తీసుకుని చీట్లు ఇచ్చాడు. లోపల అంతా శుభ్రంగా ఉంది. పూల మొక్కలు ఒకే ఎత్తున కత్తిరించి ఉన్నాయి. అంతమంది పిల్లలు ఉన్నచోట ఒక్క కేక, ఒక్క నవ్వు వినబడలేదు. "డిసిప్లిన్" అన్నాడు నాన్న మెచ్చుకోలుగా.

ఆఫీసులో పెద్ద ఉద్యోగి కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. రేణుకను ఒకసారి పిలిపిస్తారా అంటే, "అయ్యో, స్టడీ అవర్స్ అండి. ఈ టైములో పిల్లల్ని కదపమండి. రూములు మాత్రం చూసుకోండి, దాచేదేముంది" అన్నాడు. సర్దారు కట్టె చూసి కొంచెం వింతగా నవ్వాడు. "పెద్దాయన గోడలు కొడతారా ఏంటండీ?"

"చూస్తడు అంతే సార్" అన్నాడు నాన్న.

ఖాళీగా ఉన్న ఒక హాస్టలు గదిలో సర్దారు తలగుడ్డ తీశాడు. కట్టె ఎత్తి మూడు చోట్ల తట్టాడు. తల వంచాడు. నాకు ఆ చప్పుడు ఎలా ఉందో తెలియలేదు. నేను కిటికీకి బయట నుంచి వేసిన జాలీ చూస్తున్నాను. అది తెరుచుకునే జాలీ కాదు, గోడలోకి సిమెంటు చేసింది. సర్దారు చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"బాగున్నది తమ్మీ" అన్నాడు నాన్నతో.

నాన్న ముఖం వెలిగింది. ఫైలు చంకన పెట్టుకుని ఆఫీసు వైపు నడిచాడు. శ్రావ్య వెనకే వెళ్ళింది.

నేను, సర్దారు వెనక దారిన వస్తున్నాం. వంటశాల పక్కన నీళ్ళ ట్యాంకరు ఒకటి వెనక్కి వస్తోంది. హారను మోగుతోంది. డ్రైవరు తల బయటపెట్టి, "ఓ పెద్దమనిషీ, జరుగు! జరుగు!" అని అరుస్తున్నాడు. సర్దారు అదే నడక నడుస్తున్నాడు. చక్రం దగ్గరికి వచ్చేసింది. నేను జబ్బ పట్టుకుని లాగాను.

ఆయన ట్యాంకరును చూడలేదు. ముందు నా ముఖం చూశాడు. తర్వాత నేను చూస్తున్న వైపు తిరిగి అప్పుడు ట్యాంకరును చూశాడు.

ఇన్‌స్ట్రుమెంటు మీద అనుమానం వస్తే మేం చేసే పని ఒకటే, పరీక్ష పెట్టడం. ఆయన్ని ముందు నడవనిచ్చి, రెండడుగులు వెనక నుంచి మామూలు గొంతుతో అన్నాను. "పెదనాన్నా, కట్టె రూములనే మర్చిపోయినవ్."

కట్టె ఆయన చేతిలోనే ఉంది. ఆయన చేతి వంక చూసుకోలేదు. వెనక్కి తిరగలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. నడుస్తూనే ఉన్నాడు.

ముందుకు వెళ్ళి నిలబడ్డాను. ఆయనకు అర్థమైంది.

"ఎప్పటి సంది?" అన్నాను.

ఆయన చూపు నా పెదాల మీద ఉంది. ఎప్పుడూ అక్కడే ఉండేదని అప్పుడు తెలిసింది.

"బాయిల ఒకపాలి నా పక్కకే కప్పు కూలింది, ఆ దినం సంది. కుడి చెవు అప్పుడే పోయింది. ఎడమది మెల్లగ పోయింది."

"మరి జూనియర్ కాలేజీల..."

"ఆడ కప్పుకు ఇంత నీళ్ళ మచ్చ ఉండె. కండ్లున్నోళ్ళెవలైన జూస్తరు. మీరు తట్టినందుకు అనుకున్నరు. నేను కాదనలే."

"తర్వాత అందరికీ ఎట్ల చెప్పినవ్?"

"మొఖాలు జూసి. ఏ పిల్లకు ఏది నచ్చిందో మొఖంల కనబడ్తది. అదే అన్న. నీకూ గట్లనే."

"ఇప్పుడు శ్రావ్యకు?"

ఆయన కట్టెను చేతులు మార్చుకున్నాడు. "ఆ పిల్ల మొఖంల ఏం కనబడలే. మీ నాయిన మొఖం జూసి అన్న."

నేను ఆఫీసు వైపు చూశాను. ఆయనే అన్నాడు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు, కానీ ఆ పెద్ద గొంతుతోనే. "కట్టె ఎత్తినప్పుడల్ల ఇనబడ్తదేమో అనుకుంట. ఒక్కసారన్న."

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. విడిపించుకుని ఆఫీసు వైపు నడిచాడు. అంత వేగంగా నడవగా ఎప్పుడూ చూడలేదు.

ఆఫీసు హాలు నిండా తల్లిదండ్రులు. నాన్న కౌంటరు మీద ఫైలు తెరిచి మెమోలు తీస్తున్నాడు. సర్దారు వెళ్ళి ఆ ఫైలు మీద అరచెయ్యి పెట్టాడు.

"తమ్మీ, ఇయ్యకు. నాకు చెవులు ఇనబడయ్."

తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు. హాలంతా తిరిగి చూసింది.

"ఏం మాట్లాడుతున్నవన్నా?" అన్నాడు నాన్న.

"పూరాగ ఇనబడయ్. బాగున్నదని ఊకెనే అన్న. అందరికీ ఊకెనే అన్న."

ఎవరో నవ్వారు. ఇంకెవరో, "ముసలాయనకు ఎండ తగిలింది" అన్నారు. నాన్న మెడ ఎర్రబడింది. ఆ క్షణంలో ఆయనకు కోపం వచ్చింది సర్దారు మీద కాదనుకుంటాను. ఇక నిర్ణయం తనే చెయ్యాలి కదా, ఆ భయం కోపంలా కనబడింది.

ఆఫీసు ఉద్యోగి మర్యాద పోగొట్టుకోలేదు. "తొందరేం లేదండి. కాకపోతే ఈ పూట ఇవ్వకపోతే సీటు వేరేవాళ్ళకి వెళ్ళిపోద్దండి."

శ్రావ్య ముందుకు వచ్చింది. "సార్, నేనొకసారి హాస్టలుకు పోయొస్త."

"ఇందాక చూశారు కదమ్మా."

"ఇందాక రూము జూసిన. ఆండ్ల మనిషి లేదు."

ఇంతమంది ముందు కాదనలేక ఆయన ఒక వార్డెన్‌ను తోడిచ్చి పంపాడు. మేం ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. ఫైలు నాన్న ఒళ్ళో ఉంది. రెండు చేతులతో పట్టుకున్నాడు. సర్దారు మాకు కొంచెం దూరంగా కూర్చుని ఎవరి ముఖమూ చూడకుండా నేల చూశాడు. ముఖాలు చూడకపోతే ఆయనకు ప్రపంచం లేనట్టే.

శ్రావ్య వచ్చింది. ముఖం మామూలుగానే ఉంది. "నాన్నా, ఫైలు ఇటియ్యి" అని తీసుకుని, బ్యాగులో పెట్టి, జిప్పు వేసి, "పాండ్రి" అంది. గేటు దాటి, ఫోన్లు తీసుకుని, కారు దగ్గరకు వచ్చేదాకా ఏమీ చెప్పలేదు. అక్కడ సర్దారుకు ఎదురుగా నిలబడి, ఆయనకు అందేలా మెల్లగా చెప్పింది.

స్టడీ అవర్స్ అన్నారు గానీ, రేణుక బట్టలు ఉతికే చోట కనబడిందట. వార్డెన్ పక్కనే ఉంది. రేణుక నల్లా పూర్తిగా తిప్పింది. నీళ్ళ చప్పుడులో, తల ఎత్తకుండా, "సర్టిఫికెట్లు ఇచ్చిన్రా?" అంది.

"ఇంక ఇయ్యలే."

"ఇయ్యకు. పో."

నల్లా కట్టేసి, వార్డెన్‌కు వినబడేలా, "బాగుంటది శ్రావ్యా, చేరు" అని నవ్విందట.

నాన్న కారు డోరు పట్టుకుని నిలబడిపోయాడు. ఆదివారాలు "బాగున్నది" అనేటప్పుడు ఆ పిల్ల పక్కన ఎవరుండేవారో ఎవరూ అడగలేదు. సర్దారు చూశాక అడగడానికి ఏముంది.

తర్వాతి సంగతులు తర్వాత తెలిశాయి. మార్కులు తగ్గినవాళ్ళకు ఇంటికి సెలవు లేదు. ఫోను స్పీకరులో పెట్టి, వార్డెన్ ముందే మాట్లాడాలి. మానేస్తానంటే మిగిలిన ఏళ్ళ ఫీజంతా కట్టి సర్టిఫికెట్లు తీసుకుపొమ్మంటారు. కట్టలేనివాళ్ళు ఉండిపోతారు. రేణుక నాన్న వచ్చి పిల్లను తెచ్చుకున్నాడు గానీ కాగితాలు రావడానికి ఆ ఏడంతా తిరిగాడు. ఆమెకు ఒక ఏడు పోయింది. శ్రావ్య హైదరాబాద్‌లో చేరింది. పాత హాస్టలు, పట్టించుకునేవాళ్ళు లేరు. నెల తిరక్కముందే నాన్నకు ఫోన్ చేసి నీళ్ళు రావట్లేదని, అన్నం ఉడకట్లేదని గొంతెత్తి తిట్టింది. ఆ తిట్లు వింటూ నాన్న కళ్ళు తుడుచుకున్నాడు.

మా లైనులో సర్దారును తర్వాత ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. కొందరు తమ పిల్లలున్న కాలేజీలకు చెప్పాపెట్టకుండా వెళ్ళి చూసుకొచ్చారు. కొందరు ఆయన గడప ముందు నుంచి పోవడం మానేశారు. అయినా నాకు ఆయన గుర్తొస్తే ఆ మిగిలిన రోజులు గుర్తుకు రావు. ఆ సాయంత్రం గేటు ముందు ఉన్నట్టుగానే గుర్తొస్తాడు.

ఆయన కారు ఎక్కలేదు. "రేణుకను ఈడికి తెచ్చింది నేను. మీరు పోండ్రి" అన్నాడు. గేటుకు ఎదురుగా మట్టిలో కూర్చున్నాడు.

"అన్నా, సిగ్నలున్న కాడికి పోయి వాళ్ళ నాయినకు ఫోన్ జేద్దాం. ఆయనొస్తడు" అన్నాడు నాన్న.

"జెయ్యిపో. నేనీడనే ఉంట."

నాన్న, శ్రావ్య కారులో వెళ్ళారు. నేను ఆగాను. పొద్దు టేకు చెట్ల వెనక్కి దిగుతోంది. వాచ్‌మన్ వచ్చి, "లేవయ్యా, ఈడ కూసోవద్దు" అని ఆయన వెనక నిలబడి చాలాసార్లు అరిచాడు. చివరికి విసిగి నా దగ్గరకొచ్చాడు.

"ఎంత మొత్తుకున్నా లేస్తలేడేంది సార్?"

"ఆయనకు వినబడదు" అన్నాను.

వాచ్‌మన్ హాస్టలు వైపు చూశాడు. నేనూ అటు చూశాను. రెండో అంతస్తు జాలీల వెనక ఒక అమ్మాయి నిలబడి ఉంది. తర్వాత పక్క కిటికీలో ఇంకొకరు. కింద అంతస్తులో ఇద్దరు. హాలులో ఆయన 'ఇయ్యకు' అన్న మాట గదుల దాకా ఎలా పోయిందో గాని, పోయింది. ఆయనకు వినబడదని వాళ్ళకు తెలియదు, గేటు ముందు ఎవరో ఒక పెద్దాయన కూర్చున్నాడని మాత్రం తెలుసు. వాళ్ళు పిలుస్తున్నారు. ఒకరు మొదలుపెట్టాక ఇంకొకరు, ఆ తర్వాత అందరూ ఒకేసారి.

సర్దారు లేచి నిలబడ్డాడు. తలగుడ్డ తీశాడు. జాలీల వెనక ముఖాలు చీకటిగా ఉన్నాయి, పెదాలు కనబడే దూరం కాదు. తల పక్కకు వంచాడు. అలాగే చాలాసేపు నిలబడ్డాడు.

"ఏమంటున్నరు పిలగా?" అన్నాడు.

ఒకమ్మాయి తల్లాడ అంటోంది. ఒకమ్మాయి బూర్గంపాడు, తన నాన్న పేరు, మళ్ళీ బూర్గంపాడు. ఎవరూ తమ పేరు చెప్పడం లేదు. ఇంటికి కబురు చేరడానికి కావలసినంత మటుకే: ఊరు, నాన్న పేరు, ఊరు, నాన్న పేరు.

ఆయన కిటికీల మీద నుంచి చూపు తిప్పి నా పెదాల మీద పెట్టాడు. నేను మెల్లగా, ఒక్కొక్క ఊరే చెప్పడం మొదలుపెట్టాను.